నాపరాయిపాలెం చలువచక్రం

ఏప్రిల్ 29
బయట 47. లోపల 29.

చక్రంలో నీళ్లు మార్చాను. బేరింగులకు గ్రీజు పెట్టాను. వేడి నీళ్లు బయటికి పోయే గొట్టానికి సున్నం పట్టి ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో వదిలించాను. లోహపు పలకల మీద పూత ఎక్కడా లేవలేదు. తెల్లవారుజామున మొదలుపెట్టిన పని పొద్దున ఎండ హెచ్చరిక సైరన్ మోగేలోపు ముగించాల్సి వచ్చింది. సైరన్ మోగితే ఊరంతా లోపలికి వచ్చేస్తుంది. ఆ వేళకు చక్రం ఆగి ఉంటే సైదమ్మ ఊరుకోదు.

చలువశాల తాళాలు సైదమ్మ దగ్గరే ఉంటాయి. మేకలను ఏ మూలన కట్టాలో, చంటిపిల్లల ఊయలలు ఎక్కడ వేలాడాలో, ఎవరి గురకకు ఎవరు దూరంగా పడుకోవాలో ఆమే చెబుతుంది. పాత నాపరాయి గని గుంటకు పైకప్పు వేసి కట్టిన శాల ఇది. మెట్లు దిగి లోపలికి రావాలి. ఎండాకాలమంతా కంపెనీ తరఫున నేనిక్కడ ఉంటాను, సైదమ్మ ఇంట్లోనే. నా పేరు సువార్త. ఈ చక్రాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకదాన్ని.

ఈ ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన హవీలాకు ఏడో నెల. ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతుంది. ఇవాళ చక్రం చుట్టూ ఉన్న కంచె దగ్గర నిలబడి, "గ్యాసు లేకుండా చల్లదనం ఎట్టా వస్తదక్కా?" అంది.

"ఆ పలకలున్నాయే, అవి అయస్కాంతం దగ్గరికి పోతే వేడెక్కుతాయి. ఆ వేడిని నీళ్లు బయటికి మోసుకుపోతాయి. అయస్కాంతం నుంచి దూరం జరిగితే చల్లబడతాయి. ఆ చల్లదనాన్ని మళ్లీ నీళ్లే లోపలికి తెస్తాయి. చక్రం తిరిగినంతసేపూ ఇదే పని."

పక్కన బండ మీద పులి–మేక ఆడుతున్న బ్రహ్మయ్య తల ఎత్తకుండానే అన్నాడు. "మా ఆదెమ్మ కూడా అంతే అమ్మాయ్. నేను దగ్గరికి పోతే వేడెక్కుద్ది, దూరం జరిగితే చల్లబడుద్ది."

"ముసలాడా, నీ పులిని మేకలు కట్టేస్తన్నయ్, అది చూసుకో," అంది ఆదెమ్మ. శాలంతా నవ్వింది.

బ్రహ్మయ్య నలభై ఏళ్లు నాపరాళ్లకు పాలిష్ పట్టాడు. కిందటేడు గుంటూరులో గుండెకు మిషన్ పెట్టించుకున్నాక పని మానేశాడు. మాట మాత్రం మానలేదు.

మే 2
బయట 49. లోపల 30.

పొద్దున ఊళ్లో అందరి ఫోన్లకూ ఒకేసారి ఒక ప్రకటన వచ్చింది. దాన్ని ఇక్కడ ఎక్కించి ఉంచుతున్నాను.

"ప్రజారోగ్య హెచ్చరిక. చలువచక్రాల అయస్కాంత ప్రభావం వల్ల గుండె జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు ప్రమాదం ఉండవచ్చు. తనిఖీ పూర్తయ్యేవరకు వీరు చక్రం నడుస్తున్న శాలల్లోకి ప్రవేశించరాదు. చక్రాలను తనిఖీకి తీసుకువెళ్లి, తాత్కాలికంగా ఫ్యాన్లు ఏర్పాటు చేస్తాం."

కింద మా కంపెనీ ముద్ర. దాని కింద, నాతో కలిసి చక్రాన్ని తయారుచేసిన మధులిక సంతకం.

ఉండవచ్చు అట! చక్రంతో పాటు ఇచ్చే పుస్తకంలో నేనే రాసిన వాక్యం ఒకటుంది: గుండె మిషన్ ఉన్నవాళ్లు చక్రం పెట్టెకు ఛాతీ ఆనించవద్దు. అందుకే పెట్టె చుట్టూ బారెడు దూరంలో కంచె కట్టించాం. కంచె ఇవతల ఏ ప్రమాదమూ లేదు. ఈ సంగతి మధులికకు నాకెంత తెలుసో అంతే తెలుసు. ఆ కొలతలు తీసినప్పుడు ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. నరసరావుపేటలో పత్తి గోడౌను అద్దెకు తీసుకుని మొదటి చక్రం తిప్పిన రోజుల్లో అన్నం కూడా ఒకే క్యారేజీలో తిన్నవాళ్లం.

ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తింది.

"ఏంటే ఇది మధూ? ఎవరు పరీక్షించారు?"

"నీలతరంగ వాళ్ల టీమ్."

నీలతరంగ అంటే ఈ మధ్యనే మా కంపెనీలో పెట్టుబడి పెట్టిన సంస్థ. సముద్రం ఒడ్డున పెద్ద పెద్ద భవనాలు కట్టి, వాటి నిండా కంప్యూటర్లు నడుపుతుంది.

"ఎప్పుడు పరీక్షించారు? ఏ ఊరి చక్రాన్ని?"

"నువ్వు ఫీల్డులో ఉన్నావు. ఇక్కడి సంగతులు నీకు తెలియవు. ముందు జాగ్రత్త కోసం చేసింది, దానికింత రాద్ధాంతం ఎందుకు?"

"నలభై తొమ్మిది డిగ్రీల్లో కడుపుతో ఉన్న పిల్ల ఎక్కడికి పోవాలే? ఇంతమంది ఒక గదిలో కూర్చుంటే ఫ్యాను ఏం చేస్తుంది? ఆ వేడిగాలినే మొహాన కొడుతుంది. ఇదంతా నీకు నేను చెప్పాలా?"

"తాత్కాలికమే అంటున్నాను కదా."

"ఎండ కూడా తాత్కాలికంగా ఆగుతుందా?"

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మే 3
బయట 49. లోపల 29.

సైరన్ మోగేసరికి శాలలో ఖాళీలు కనబడ్డాయి. హవీలా రాలేదు. బ్రహ్మయ్యా ఆదెమ్మా రాలేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇంకా నలుగురైదుగురు రాలేదు. వచ్చినవాళ్లలో కూడా కొందరు చక్రానికి వీలైనంత దూరంగా, మెట్ల దగ్గర వేడి తగిలేచోట ఇరుక్కుని కూర్చున్నారు.

సైదమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లు దీని పక్కనే పడుకున్నాం. ఎవరికేమైంది? ఇయ్యాల కాయితం రాంగానే దయ్యమైపోయిందా?" అని అరిచింది. తన రవికకున్న పిన్నీసు తీసి దారానికి కట్టి కంచె పక్కన వేలాడదీసింది. "సూడండి. పిన్నీసును గూడా లాగలేంది మీ గుండెకాయల్ని లాగుద్దా?"

పిన్నీసు కదల్లేదు. మెట్ల దగ్గరున్నవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. హవీలా మొగుడు అది చూసి తడిదుప్పటి కప్పుకుని బయటికి పరుగెత్తి, పెళ్లాన్ని తీసుకొచ్చాడు. ఆ పిల్ల ముఖం కందిపోయి ఉంది. వాళ్ల అత్త కూడా వెనకాలే వచ్చింది కానీ నా మొహం చూడలేదు.

సాయంత్రం ఎండ తగ్గాక బ్రహ్మయ్య ఇంటికి వెళ్లాను. గుమ్మానికి తడి గోనెపట్టాలు కట్టి, లోపల నేల మీద నీళ్లు చల్లుకుని పడుకుని ఉన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"రేపు శాలకు రండి పెద్దాయనా. ఆ ప్రకటనలో ఉన్నది అబద్ధం."

"అబద్ధమైతే ఎందుకు రాస్తారమ్మాయ్?"

"తెలియదు. కానీ ఆ చక్రం చేసింది నేను. నా మాట నమ్మండి."

"చేసిందానివి కాబట్టి మంచిదనే చెప్తావు. నేనూ అంతే, నేను పాలిష్ పట్టిన రాయికి వంక చెప్తే ఒప్పుకునేవాణ్ణి కాదు." కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నిన్ను తప్పు పట్టట్లేదు. కానీ రాసింది ఎవరు? మీ కంపెనీనే గదా. గుండె జబ్బున్నోళ్లు రావద్దని మీరే రాస్తిరి. రమ్మని నువ్వే చెప్తన్నావు. నేను ఏది వినాల?"

 నా పేరున్న కంపెనీ నా నోరు నొక్కేసింది.

"రెండ్రోజులు చూద్దాంలే. తనికీ అయిపోద్దిగా," అన్నాడు బ్రహ్మయ్య.

ఆదెమ్మ నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "నేను చెప్తే వినట్లా. మొండోడు," అంది.

మే 4
బయట 50. లోపల 30.

ఎండ నడినెత్తికి వచ్చాక ఎవరో తలుపు బాదారు. సైదమ్మ తీసింది. ఆదెమ్మ. చెప్పుల్లేవు. కప్పుకున్న తడి దుప్పటి అట్టలా ఎండిపోయి ఉంది. "లేవట్లేదు, మాట్టాడట్లేదు," అని మాత్రం అనగలిగింది.

నలుగురు వెళ్లి మంచంతో సహా మోసుకొచ్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట లేదు. కంచె దగ్గర పడుకోబెట్టి, చల్లనీళ్ల గొట్టం విప్పి నేరుగా ఒంటి మీదికి వదిలాను. ఫోన్లో నర్సు చెప్పినట్టల్లా చేశాం. చంకల్లో తడిబట్టలు పెట్టాం, కాళ్లు ఎత్తి ఉంచాం. ఆ ఎండలో అంబులెన్సు కదలడానికి అనుమతి లేదు. హవీలా ఆయన తల తన ఒడిలో పెట్టుకుని విసురుతూనే ఉంది.

సాయంత్రం, ఎండ తగ్గిందని చెప్పే సైరన్ మోగకముందే పోయాడు.

వడదెబ్బ అని రాసుకుంది నర్సు. వడదెబ్బే. కాదనను. కానీ ఇరవై డిగ్రీలు తక్కువగా ఉన్న గది ఇంటికి పిలుపు దూరంలో ఉంటే, ఆ మనిషి రేకుల కింద పడుకుని ఎందుకు చచ్చిపోయాడో రాయడానికి ఆమె దగ్గర మాట లేదు. నా దగ్గర ఉంది. ఆయన్ని భయపెట్టి ఆపారు. లేని ప్రమాదం చూపించి, నెత్తి మీదున్న ప్రమాదంలోకి నెట్టారు.

కంపెనీకి చెప్పాను. కాసేపటికి సంతాప సందేశం వచ్చింది. "భీమయ్య గారి మృతికి చింతిస్తున్నాం" అని ఉంది అందులో. ఆయన పేరు బ్రహ్మయ్య అయ్యా! మీరు చంపిన మనిషి పేరైనా సరిగ్గా రాయండి.

మే 6
బయట 49. లోపల 29.

తెల్లవారేసరికి చక్రాన్ని తీసుకుపోవడానికి లారీ వచ్చింది. వెనక ఫ్యాన్ల పెట్టెలు ఉన్నాయి. డ్రైవరు జానీబాషా నాకు పదిహేనేళ్లుగా తెలుసు. మొదటి చక్రాన్ని గోడౌను నుంచి బయటికి తెచ్చింది అతని లారీలోనే. నేనే బోల్టులు విప్పి ఇవ్వాలని నాకు విడిగా ఆర్డరు కూడా వచ్చింది. అయస్కాంతాలను తెలియనివాళ్లు విప్పితే చేతులు నలిగిపోతాయి.

టీ ఇచ్చి అడిగాను. "తనిఖీకి ఎక్కడికి తీసుకెళ్తున్నావు జానీ? నరసరావుపేట వర్క్‌షాపుకేనా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "వర్క్‌షాపుకు తాళం వేసి నెల దాటిందక్కా. నీకు చెప్పలేదా?"

"మరి?"

"ఇప్పటికి మూడూళ్లలో ఎత్తాం. మూడూ ఒంగోలు అవతల సముద్రం ఒడ్డున దించాం, నీలతరంగ బిల్డింగులో. వాళ్ల పాత గ్యాసు ఏసీలు ఆపెయ్యమని సర్కారు ఆర్డరైందంట. కొత్త చక్రాలు చేద్దామంటే ఆ లోహం దొరకట్లేదు, ఓడలు రావట్లేదు. అందుకని ఉన్నయ్యే ఎత్తుకొస్తన్నారు." కళ్లు ఎత్తకుండానే చెప్పాడు. "దించి బయటికి రాబుద్ధి కాలేదక్కా, అంత చల్లగా ఉంది. లోపల ఒక్క మనిషి లేడు. అన్నీ పెట్టెలు, లైట్లు."

ఒక్క మనిషి లేని గది చల్లగా ఉండడానికి!

మాకు చెప్పవచ్చు కదా, మీ చక్రాలు మాకు కావాలి అని? చెప్పరు. చెబితే ఏ ఊరూ ఇవ్వదు. అందుకని ఊరికి ఊరే తనంతట తాను భయపడి, తీసుకుపోండి బాబూ అని దండం పెట్టేలా చేయాలనుకున్నారు. మధులిక అందుకు సంతకం పెట్టింది.

జానీబాషా చెప్పిందంతా సైదమ్మ విన్నది. మెట్ల మీదికి వెళ్లి ఊరికంతా వినబడేలా మళ్లీ చెప్పింది. ఎవరూ కేకలు వేయలేదు. వెళ్లి లారీలోని ఫ్యాన్ల పెట్టెలకు అడ్డంగా నిలబడ్డారు, దించనివ్వకుండా. నేను రెంచీల సంచీ తెచ్చి సైదమ్మ చేతిలో పెట్టాను.

"నేను విప్పను. వేరెవరినీ విప్పనివ్వకు."

"ఇంక నా పెట్టెలోనే ఉంటయ్," అంది సైదమ్మ.

జానీబాషా ఖాళీ లారీ తిప్పుకుంటూ కిటికీలోంచి, "విప్పలేదని కాదు, రోడ్డు బాగాలేక రాలేదని చెప్తాలే అక్కా," అన్నాడు.

"అబద్ధం వద్దు జానీ. విప్పనన్నానని చెప్పు."

మే 7
బయట 50. లోపల 29, తర్వాత 38, తర్వాత 33.

సైరన్ మోగి, తలుపులు వేసుకుని, పిల్లలు సర్దుకుని పడుకున్నాక చక్రం ఆగిపోయింది. మోటారు కాలిందేమో అని చూశాను. కాలలేదు. కంట్రోలు పెట్టె మీద ఎర్రక్షరాలు: "భద్రతా కారణాల వల్ల నిలిపివేయబడింది."

కంపెనీ వాళ్లు దూరం నుంచే ఆపేశారు. ఊరంతా లోపల ఉన్న వేళ చూసి ఆపారు.

ఇంతమంది ఒంటి వేడి ఒకచోట చేరితే గది ఎంత త్వరగా ఉడుకుతుందో ఇవాళ చూశాను. మేకలు నాలుకలు బయటపెట్టాయి. చంటిపిల్లలు ఏడవడం మొదలుపెట్టి, కాసేపటికి ఏడుపు కూడా మానేశారు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తలుపు తీస్తే యాభై. మూసి ఉంచితే ముప్పై ఎనిమిది, ఇంకా ఎక్కుతోంది.

లాక్ ఉన్నది కంట్రోలు పెట్టెలో. చక్రానికి ఏ లాకూ లేదు. దాన్ని ఎవరు తిప్పినా చల్లదనం ఇస్తుంది. నెమ్మదిగా, ఆగకుండా తిప్పగల మోటారు ఒకటి కావాలి అంతే. అదే గట్టిగా అన్నాను.

ఆదెమ్మ లేచింది. భర్త పోయాక ఆమె మాట్లాడడం అదే మొదటిసారి. "ఆయన పాలిష్ మిషను షెడ్డులో ఉంది. దాని మోటారు పనికొస్తదా?"

"పనికొస్తుంది. కానీ దాన్ని పీకెయ్యాలి..."

"పీకెయ్. ఇంక దాంతో రాళ్లకు పాలిష్ పట్టేదెవరు?"

సైదమ్మా నేనూ హవీలా మొగుడూ తడి దుప్పట్లు కప్పుకుని షెడ్డుకు పోయాం. ఇనుము పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. గుడ్డలు చుట్టుకుని మోటారు, దాని పెద్ద పుల్లీ, బెల్టు విప్పుకొచ్చాం. వచ్చేసరికి సైదమ్మ కళ్లు తిరిగి మెట్ల మీదే కూలబడింది. ఆమె మొహాన నీళ్లు కొట్టి, కంట్రోలు పెట్టెను పక్కకు తీసేసి, పైకప్పు మీది సౌర పలకల వైరును నేరుగా పాలిష్ మోటారుకు కలిపాను. బెల్టు రెండుసార్లు జారింది. మూడోసారి పట్టుకుంది.

చక్రం గరగరమంటూ తిరిగింది. పాత మోటారంత సాఫీగా కాదు. చల్లదనం కూడా మునుపటంత రాలేదు. కానీ చంటిపిల్లలు మళ్లీ ఏడవడం మొదలుపెట్టారు. ఆ ఏడుపు వింటూ సైదమ్మ కళ్లు తుడుచుకుంది.

ఎండ దిగాక బెల్టు ఎలా వేయాలో, వైరు ఎక్కడ కలపాలో వీడియో తీసి మా చక్రాలున్న ప్రతి ఊరికీ పంపాను. కంపెనీ రహస్యాలు బయటపెట్టినందుకు ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు వెంటనే జవాబు వచ్చింది. నా కంపెనీలోంచి నన్ను!

మే 9
బయట 49. లోపల 32.

మధులిక వచ్చింది. వెంట ఎస్సై గురవయ్య, వెనక జానీబాషా లారీ. చక్రాన్ని దొంగిలించానని నా మీద ఫిర్యాదు. దారిలో జీపు టైరు ఒకటి ఎండకు మెత్తబడి ఆగిపోవడంతో వాళ్లు ఊరు చేరేసరికి సైరన్ మోగింది. ఇక ఎవరైనా లోపలికి రావాల్సిందే.

మెట్లు దిగుతున్నప్పుడు మధులిక ముఖం కమిలిపోయి ఉంది. పెదవులు పగిలాయి. ఎన్నాళ్లుగానో ఎండలోకి రాని మనిషి. కళ్లు చీకటికి అలవాటుపడగానే ఎవరినీ పలకరించకుండా నేరుగా చక్రం దగ్గరికి నడిచి, కంచెకు వీపు ఆనించి కూలబడింది. శాలలో అన్నిటికన్నా చల్లగా ఉండేది అక్కడే. సైదమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. గటగటా తాగింది.

ఎస్సై మాత్రం దూరంగా గోడ దగ్గరే నిలబడ్డాడు. టోపీ తీసి విసురుకుంటూ, "మేడమ్, అక్కడ కూర్చుంటే ఏమవ్వదా? నాకు గుండెకు స్టెంటు వేశారు," అన్నాడు.

మధులిక కళ్లు మూసుకునే ఉంది. "ఏం కాదండీ, రండి. కంచె దాకా సేఫే. మేమే కొలిచాం," అంది.

శాలలో అప్పటిదాకా ఉన్న సద్దు ఆగిపోయింది. చక్రం గరగర ఒక్కటే వినబడుతోంది. తనేమన్నదో అప్పుడు తెలిసింది మధులికకు. కళ్లు తెరిచింది.

ఆదెమ్మ వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మరి ఆ మాట మాకెందుకు చెప్పలేదమ్మా?"

మధులిక ఖాళీ చెంబు కింద పెట్టింది.

"నా మొగుడు మీ కాయితం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఇంత పెద్ద కంపెనీ వాళ్లు ఊరికే రాస్తారా అన్నాడు. నేను రమ్మంటే నన్ను తిట్టాడు. తడిగోనెల కింద పడుకుని పోయాడు. నువ్వేమో ఎండ తగలంగానే వచ్చి ఈడ కూసున్నావు. నీకు తెలుసు గదా తల్లీ. తెలిసే రాశావు గదా!"

మధులిక నా వైపు చూసింది. నేను సాయం చేస్తానని కాబోలు. చేయలేదు. నాకు జాలి కలగలేదని ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఎస్సై టోపీ పెట్టుకున్నాడు. "మేడమ్, ఇప్పుడన్న మాట ఇంకోసారి చెప్తారా? రాసుకుంటాను."

"నేను... నీరసంలో ఏదో అన్నాను."

"ఇక్కడున్న అందరం విన్నాం గదండీ. ఫిర్యాదు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పెద్దాయన ఎట్టా పోయాడో రాసుకోవాల." ఆదెమ్మ వైపు తిరిగి, "ఆయన పేరు చెప్పమ్మా," అన్నాడు.

"బ్రహ్మయ్య. మొగిలి బ్రహ్మయ్య."

ఎండ దిగేదాకా మధులిక మెట్ల దగ్గర, తలుపు సందులోంచి వడగాలి కొట్టే చోట కూర్చుంది. అక్కడికి పొమ్మని ఎవరూ అనలేదు. బయల్దేరేముందు నా దగ్గరికి వచ్చింది.

"సంతకం పెట్టకపోతే కంపెనీ మూసేస్తామన్నారు సువార్తా. మన పదిహేనేళ్ల కష్టం..."

"మూసెయ్యనివ్వాల్సింది."

"నువ్వు చెప్పినంత తేలిక కాదు."

"ఆదెమ్మకు చెప్పు ఆ మాట. అదుగో, అక్కడుంది."

చెప్పలేదు. జీపెక్కింది. లారీ ఖాళీగా వెనక్కి పోయింది.

మే 12
బయట 48. లోపల 31.

ప్రకటన వెనక్కి తీసుకున్నారు. "సాంకేతిక కారణాల వల్ల మా హెచ్చరికను ఉపసంహరించుకుంటున్నాం" అట. సాంకేతిక కారణాలు! అందులో బ్రహ్మయ్య పేరు లేదు. మధులిక పేరు కూడా లేదు. ఆమె రాజీనామా చేసిందని విన్నాను. నా మీద కేసు మాత్రం అలాగే ఉంది. కంట్రోలు పెట్టె మళ్లీ బిగిస్తే కేసు తీసేస్తామని కబురు పెట్టారు. బిగించను.

వీడియో చూసి తొమ్మిది ఊళ్లు తమ చక్రాలకు బెల్టులు వేసుకున్నాయి. ఒక ఊళ్లో పిండిమర మోటారు, ఒక ఊళ్లో చెరుకు గానుగది. కానీ ముందే ఎత్తుకుపోయిన మూడు చక్రాలు తిరిగి రాలేదు. ఆ మూడూళ్ల జనం ఫ్యాన్ల కింద మగ్గిపోతున్నారు. వాటి సంగతి అడిగితే, అవి ఇప్పుడు నీలతరంగ ఆస్తి, కోర్టులో తేల్చుకోండి అన్నారు. కోర్టులకు ఎండాకాలం సెలవులు.

నిన్న సాయంత్రం ఆ మూడూళ్ల నుంచి మనుషులు నడిచి వచ్చారు. ఏం చేద్దామని అడిగారు. సైదమ్మ ఎస్సై గురవయ్యకు ఫోన్ చేసింది.

"అయ్యా, ఒక మాట. సైరన్ మోగినాక రోడ్డు మీదున్నోళ్లు ఎవరింటి తలుపు తట్టినా తియ్యాలని చట్టముంది గదా. అది ఇళ్లకేనా? పెద్ద బిల్డింగులకు గూడానా?"

 అవతల నవ్వు వినబడింది. "అన్నిటికీ అమ్మా. నీడ ఉన్న ప్రతి కప్పుకీ. తియ్యకపోతే అక్కడికక్కడే కేసు."

తెల్లవారకముందే జానీబాషా లారీ వచ్చింది. ఈసారి కంపెనీకి చెప్పకుండా తెచ్చాడు. మూడూళ్ల జనం, మా ఊరివాళ్లు సగం మంది ఎక్కారు. చంటిపిల్లల తల్లులు ఊయల చీరలతో సహా ఎక్కారు. ఎవరో రెండు మేకలను కూడా ఎక్కించారు. నేను సైదమ్మ పెట్టెలోంచి రెంచీల సంచీ తీసుకున్నాను. ఆదెమ్మ ముందు సీటులో కూర్చుంది.

వెనకాల ఉండిపోయిన హవీలాకు బెల్టు వదులైతే ఎలా బిగించాలో చూపించాను.

సైరన్ మోగే వేళకు ఒంగోలు అవతల, సముద్రం ఒడ్డున ఆ భవనం తలుపు ముందు ఉంటాం. తలుపు తడతాం. లోపల చోటు చాలా ఉందట. మనుషులెవరూ లేరట. చాలా చల్లగా కూడా ఉంటుందట. మా చక్రాలు మాకు ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాం.